ప్రమాణము చేయించువారు



పదవీస్వీకార మహోత్సవములను గూర్చి వినునప్పుడును, చదువునప్పుడును మన దృష్టి సాధారణముగా ప్రమాణము చేయువారిమీదనే నిలుచును. వారు ఏ వస్త్రములు ధరించిరి, ఏ భాషలో పలికిరి, ముందుగా ఎవరికి నమస్కరించిరి, వేదిక క్రింద మొదటి వరుసలో ఎవరెవరు కూర్చుండిరి అను విషయములన్నియు మరునాటి పత్రికలలో సవిస్తరముగా వచ్చును. వారిచేత ఆ మాటలు పలికించిన మరొక వ్యక్తి అదే వేదికమీద నిలిచియుండెనన్న సంగతి మాత్రము చాలమందికి జ్ఞప్తియందుండదు. నేటి ప్రసంగములో నేను ముచ్చటింపదలచినది ఆ రెండవ వ్యక్తిని గూర్చియే. ఏలయన, ఒక రాజ్యవ్యవస్థ స్వభావము తెలియవలెనన్న, అందు ఎవరు ప్రమాణము చేసిరను దానికంటె, ఎవరు చేయించిరి, ఎవరియెడల చేయించిరి అను ప్రశ్నలకు వచ్చు సమాధానమే మనకు ఎక్కువ తెలుపునని నా అభిప్రాయము.

మన రాజభవనములలో జరుగు కార్యక్రమమును దగ్గరనుండి చూచినవారికి అందలి వరుస సుపరిచితము. గవర్నరు ప్రవేశింపగనే సభ యంతయు లేచి నిలుచును, జాతీయగీతము వినిపించును, ప్రభుత్వ ప్రధాన కార్యదర్శి ముందుకు వచ్చి కార్యక్రమమును ఆరంభించుటకు అనుమతి కోరును. పిమ్మట ముఖ్యమంత్రి కానున్న వ్యక్తి వేదిక నెక్కి గవర్నరుకు ప్రక్కగా నిలువగా, గవర్నరు ‘నేను’ అను ఒక్క మాట అందించి ఊరకుందురు. తక్కినదంతయు ఆ వచ్చినవారు తమ పేరు తామే చెప్పుకొని, చేతనున్న కాగితమునందలి పాఠమును తమ నోటితో తామే చదువవలెను. మొదటి ప్రమాణము పదవికి, రెండవది ప్రభుత్వ రహస్యముల పరిరక్షణకు. రెండును ముగిసిన వెంటనే పుస్తకములో సంతకము, ఆపై పుష్పగుచ్ఛము. మంత్రులు పాతికమంది యున్నచో, పదవవాని వంతు వచ్చునప్పటికే సభలో గుసగుసలు బయలుదేరును, వెనుకవరుసలవారు ఫలహారశాల వైపు చూడ నారంభింతురు. గవర్నరుకు మాత్రము ఆ వెసులుబాటు లేదు. ప్రతి పర్యాయమును ఆ ఒక్క మాటను తొలిసారి పలికినట్లే పలుకవలె. రేడియో శ్రోతలకు ఇందొక సౌకర్యము కలదు. పూలదండలు, శాలువలు, దీపతోరణములు కంటి కగపడవు గనుక, ఈ ఉత్సవములో సారమైన భాగము, అనగా ఒక కంఠము అందించుటయు మరొక కంఠము అందుకొనుటయు, వారి చెవికి నిర్మలముగా చేరును.

అందించువారు, అందుకొనువారు అను ఈ ఏర్పాటు మనకు ఇంగ్లీషువారు తెచ్చిపెట్టినది కాదు. ఐతరేయ బ్రాహ్మణము ఎనిమిదవ పంచికలో ఐంద్ర మహాభిషేకమును వర్ణించు సందర్భమున, అభిషిక్తుడు కానున్న క్షత్రియునిచేత పురోహితుడు ముందుగా శపథము చేయించును. నీకు నేను ద్రోహము చేసితినేని, పుట్టిన రాత్రి మొదలు గిట్టు రాత్రి వరకు నేనార్జించిన పుణ్యమును, నా లోకమును, నా ఆయుస్సును, నా సంతతిని నీవు హరింపవచ్చునని రాజు ఒప్పుకొనవలెను; ఒప్పుకొనిన తరువాతనే అభిషేకము. మహాభారత శాంతిపర్వమున పృథుచక్రవర్తి కథలో ఈ భావము మరింత విశాలమైనది. దుర్మార్గుడైన వేనుని ఋషులు సంహరించి, వాని బాహువును మథించి పృథువును వెలువరించినప్పుడు, దేవతలును ఋషులును అతనిచేత మనోవాక్కాయకర్మలయందు ప్రజలను రక్షింతునని ప్రతిజ్ఞ చేయించిరి. ఐతరేయ కాలపు రాజు పురోహితునికి మాత్రము ద్రోహము చేయనని బద్ధుడు కాగా, పృథువు భూమికంతకును బద్ధుడయ్యెను. ఈ రెండు గాథలయందును రాజు కంటె ముందు మాటాడువాడు మరొకడున్నాడు. వేనుని గతి యేమయ్యెనో పృథువునకు తెలియును; తెలిసియే ప్రతిజ్ఞ చేసెను.

ఇందుకు విరుద్ధమైన పద్ధతి పరాయి పాలనలో గానవచ్చును. అక్కడ ప్రమాణము పైవానిని క్రిందివారికి కట్టివేయదు, క్రిందివారిని పైవానికి కట్టివేయును. 1935వ సంవత్సరపు భారత ప్రభుత్వ చట్టము ప్రకారము, ప్రజలు ఎన్నుకొనిన సభ్యుడైనను, ఇంగ్లాండు చక్రవర్తికిని ఆయన వారసులకును విధేయుడనై యుందునని పలికినగాని శాసనసభలో కూర్చుండుటకు వీలులేదు. ఇట్టి సంకటము మనకు మాత్రమే కలిగినది కాదు. 1927 ఆగస్టు మాసమున ఐర్లాండు నాయకుడు డి వెలేరా తన అనుచరులతో డబ్లిను సభకు వచ్చి, ప్రమాణ పత్రముమీద నున్న బైబిలును ఎత్తి ఆవలికి దూరముగా పెట్టి, తాను ప్రమాణము చేయుట లేదనియు, లోనికి పోవుటకు వలసిన సంతకమును మాత్రమే పెట్టుచున్నాననియు చెప్పి సంతకము చేసెను. ఇది ఆత్మవంచనయని కొందరనిరి, యుక్తియని కొందరనిరి. తాను అధికారమునకు వచ్చిన తరువాత 1933లో ఆయన ఆ ప్రమాణమునే రద్దు చేయించెను. బలవంతముగా పలికించిన మాట పలికినవానిని ఎంతవరకు బంధించునను ధర్మసూక్ష్మమును మన పెద్దలు పూర్వమే చాల చర్చించిరి. ఐరిష్ వారు దానిని ఒక పుస్తకమును ఆవలికి జరిపి పరిష్కరించిరి.

ఈ రెండు విధములైన ప్రమాణములకును గల భేదము టంగుటూరి ప్రకాశం పంతులుగారి జీవితములో వలె స్పష్టముగా మరెక్కడను గోచరింపదు. 1928 ఫిబ్రవరిలో సైమన్ కమిషన్ బహిష్కరణ సమయమున మద్రాసు వీథిలో సిపాయిల తుపాకుల యెదుట రొమ్ము చూపి నిలిచిన ఆ మహనీయుడే, 1937లో రాజాజీ మంత్రివర్గమున రెవెన్యూ మంత్రి యగుటకై, ఆ తుపాకులు ఎవరివో ఆ ప్రభుతకే విధేయత ప్రకటింపవలసి వచ్చెను. పదవులు స్వీకరింపవచ్చునా, కూడదా యని కాంగ్రెసులో ఆనాడు దీర్ఘముగా తర్జనభర్జనలు జరిగినవి. లోపలికి పోయి పోరాడుదమను పక్షము నెగ్గినది. 1946లో మద్రాసు రాష్ట్రమునకు ఆయనయే ప్రధాని యైనప్పటికిని చక్రవర్తి ప్రభుత్వమే యుండెను. మూడవ పర్యాయము 1953 అక్టోబరు 1వ తేదీన కర్నూలులో వచ్చినది.

ఆ దినమును ఒక్క నిమిషము తలచుకొందము. పొట్టి శ్రీరాములుగారి ఆత్మార్పణానంతరము లభించిన రాష్ట్రము. రాజధాని యని చెప్పుకొనుటకు సరియైన భవనములు లేక, కార్యాలయములను గుడారములలో నడుపవలసిన పట్టణము. ప్రారంభోత్సవమునకు స్వయముగా విచ్చేసిన ప్రధానమంత్రి నెహ్రూ. 81 సంవత్సరముల వయస్సున ముఖ్యమంత్రి కానున్న ఆంధ్రకేసరి. ఆయనచేత ప్రమాణము చేయించిన గవర్నరు చందూలాల్ మాధవలాల్ త్రివేది గారెవరు? ఇండియన్ సివిల్ సర్వీసులో జీవితమంతయు గడపి, బ్రిటిషువారి పాలన యింకను సాగుచుండగనే, 1946లో ఒరిస్సా గవర్నరుగా నియుక్తులైనవారు. ఒకరు ఆ ప్రభుత్వమును ధిక్కరించి చెరసాలలకు పోయినవారు. మరొకరు ఆ ప్రభుత్వమును నడిపినవారు. ఏ ధర్మసంస్థాపనార్థమై యుద్ధము జరిగినదో, ఆ యుద్ధములో ఇరువైపుల నున్నవారును ఒకే వేదికమీద నిలిచి, ఒకే రాజ్యాంగమునకు బద్ధులై, ఒకరు మాట అందింపగా మరొకరు అందుకొనిరి. విజేత ఓడినవానిచేత మోకరిల్లి మ్రొక్కించుకొనుట చరిత్రలో సర్వసామాన్యము. ఇచ్చట అట్టిదేమియు జరుగలేదు. ఈ దృశ్యములోని గాంభీర్యమును మన చరిత్రకారులు తగినంతగా గమనింపలేదని నాకు తోచును. ప్రకాశంగారి మంత్రివర్గము పదమూడు మాసములకే, 1954 నవంబరులో, మద్యనిషేధ విషయమై ఒక్క ఓటు తేడాతో పడిపోయినది. అది వేరు సంగతి. ప్రమాణము ప్రవర్తనకు హామీయే గాని కాలపరిమితికి హామీ కాదు.

ఇక రాజ్యాంగములో ఈ ప్రమాణముల నల్లిక యెట్టిదో చూతము. ముఖ్యమంత్రిచేత గవర్నరు చేయించును. గవర్నరుచేత హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి చేయించును. ఆ న్యాయమూర్తిచేత మరల గవర్నరు చేయించును. అట్లే రాష్ట్రపతిచేత భారత ప్రధాన న్యాయమూర్తి, ఆ ప్రధాన న్యాయమూర్తిచేత రాష్ట్రపతి. ఇందు కొన ఎక్కడనున్నది? వెదకినను దొరకదు. అందరిచేతను ప్రమాణము చేయించి తానెవరియెదుటను చేయనక్కరలేని మనుష్యుడు ఈ వ్యవస్థలో లేడు. చక్రవర్తి యుండిన చోటు ఖాళీగా నున్నది, అందు ఎవరిని కూర్చుండబెట్టక గ్రంథము నొకదానిని మాత్రము పెట్టినారు. ఈ వలయము మొదట కదలిన దినము 1950 జనవరి 26. ఢిల్లీలో ప్రభుత్వ భవనపు దర్బారు హాలులో, ఉదయము 10 గంటల 18 నిమిషములకు గవర్నరు జనరలు చక్రవర్తి రాజగోపాలాచారిగారు భారతదేశము గణతంత్రమైనదని ప్రకటించిరి. 10 గంటల 24 నిమిషములకు రాజేంద్రప్రసాదుగారు రాష్ట్రపతిగా ప్రమాణము చేసిరి. నడుమ గడచిన ఆ ఆరు నిమిషములలో గణతంత్రమునకు అధిపతి యెవరని తర్కశాస్త్ర విద్యార్థులు ప్రశ్నింపవచ్చును. ప్రమాణము చేయించినవారు ప్రధాన న్యాయమూర్తి హరిలాల్ కానియా; 1947 ఆగస్టు 15న మౌంట్‌బాటన్ ప్రభువుచేత గవర్నరు జనరలుగా ప్రమాణము చేయించినవారును ఆయనయే. రాజు ప్రతినిధి మారెను, రాజ్యమే మారెను. పలికించిన కంఠము మాత్రము ఒక్కటియే.

ఈ వలయములో మన తెలుగువారు చిక్కుకొనిన సందర్భములు విచిత్రమైనవి. గుంటూరులో 1954లో నెలకొనిన ఆంధ్ర హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తియైన కోకా సుబ్బారావుగారు 1966లో భారత ప్రధాన న్యాయమూర్తి యైరి. 1967 మే మాసమున క్రొత్త రాష్ట్రపతిచేత ప్రమాణము చేయింపవలసినవారు న్యాయముగా వారే. కాని ఏప్రిలులో వారు ఆ పదవిని త్యజించి, ప్రతిపక్షముల అభ్యర్థిగా తామే రాష్ట్రపతి పదవికి పోటీచేసిరి. జాకీర్ హుస్సేన్ గారు గెలిచిరి. చేయించు స్థానమునుండి చేయు స్థానమునకు పోవనెంచి, రెండింటికిని వెలియైన పెద్దమనిషి వారొక్కరే కాబోలు. రెండేండ్లకే, 1969 మే 3న, జాకీర్ హుస్సేన్ గారు పదవిలో నుండగనే కాలధర్మము చెందిరి. ఉపరాష్ట్రపతి వరాహగిరి వెంకటగిరిగారిచేత ప్రధాన న్యాయమూర్తి హిదయతుల్లాగారు తాత్కాలిక రాష్ట్రపతిగా ప్రమాణము చేయించిరి. జులై 20న గిరిగారు ఎన్నికలో నిలుచుటకై ఉపరాష్ట్రపతి పదవిని, దానితోపాటు ఆ తాత్కాలిక బాధ్యతను విడిచిరి. అప్పుడు రాష్ట్రపతి కార్యములను నిర్వహించు భారము హిదయతుల్లాగారి మీదనే పడినది. తమ న్యాయస్థానములోని మరొక న్యాయమూర్తి యెదుట వారే ప్రమాణము చేసిరి. ఆగస్టు 24న గిరిగారు గెలిచి రాగా, మరల ప్రధాన న్యాయమూర్తియై ఆయనచేత చేయించిరి. నాలుగు మాసములు నిండకముందే ఒకే వ్యక్తి చేయించుట, చేయుట, తిరిగి చేయించుట!

ఆ ఎన్నికలో గిరిగారి చేతిలో ఓడినవారు నీలం సంజీవరెడ్డిగారు. కర్నూలులో 1953లో ప్రకాశంగారితోపాటు ఉపముఖ్యమంత్రిగా ప్రమాణము చేసినవారు ఈయనయే. 1969లో కాంగ్రెసు అధికార అభ్యర్థిగా నిలిచినప్పుడు, ప్రధానమంత్రి ఇందిరాగాంధి అంతరాత్మ ప్రబోధము ననుసరించి ఓటు వేయుడని సభ్యులకు చెప్పి, ఈయన ఓటమికి ప్రధాన కారణమైరి. ఆపై కాలచక్రము తిరిగినది. 1977లో నంద్యాలనుండి లోక్‌సభకు ఎన్నికై, పోటీ లేకుండ రాష్ట్రపతియై, జులై 25న ప్రధాన న్యాయమూర్తి బేగ్ గారి యెదుట ప్రమాణము చేసిరి. నాటినుండి పూర్తికాలమునకు ఎన్నికైన రాష్ట్రపతులందరును ఆ తేదీననే పదవి స్వీకరించుచున్నారు. 1980 జనవరి 14న ఎన్నికలలో ఘనవిజయము పొందిన ఇందిరాగాంధిచేత ప్రధానమంత్రిగా ప్రమాణము చేయింపవలసి వచ్చినది సంజీవరెడ్డిగారికే. భయము గాని, పక్షపాతము గాని, రాగద్వేషములు గాని లేక అందరికిని న్యాయము చేయుదునను వాక్యము మంత్రుల ప్రమాణములో నున్నది. ఆ వాక్యమును ఆనాడు ఆమె చదివెను, ఆయన వినెను. ఇరువురి హృదయములలో నేమున్నదో మన కనవసరము. ఆ కొలది నిమిషములలో ఒకరి పాత కక్షకు గాని, మరొకరి పాత గెలుపునకు గాని రాజ్యాంగము చోటివ్వలేదు.

సాక్షి యెవరను ప్రశ్న మరొకటి కలదు. చిత్తూరు జిల్లా కాణిపాకములో కోనేట మునిగి వినాయకుని యెదుట సత్యప్రమాణము చేయువారికి ఆ సందేహము లేదు. న్యాయస్థానములలో పూర్వము హిందువులచేత గంగాజలముతోను, ముసల్మానులచేత ఖురాను మీదను ప్రమాణములు చేయించుచుండగా, 1840 నాటి ఐదవ చట్టము దానిని మాన్పి, గంభీరముగా ధ్రువీకరించు పద్ధతిని తెచ్చినది. మన రాజ్యాంగము రెండింటిని ఒప్పుకొనినది. మూడవ షెడ్యూలు తెరచి చూచినచో, దైవనామమున ప్రమాణము చేయుటయు, గంభీరముగా ధ్రువీకరించుటయు ఒకదాని క్రింద ఒకటిగా అచ్చువేయబడి యుండును, కోరినదానిని ఎన్నుకొనవచ్చును. ఈ సౌలభ్యము ఊరక వచ్చినది కాదు. ఇంగ్లాండులో 1880లో నార్తాంప్టన్ నుండి ఎన్నికైన చార్లెస్ బ్రాడ్లా నాస్తికుడగుటచే ఆయనను పార్లమెంటులో కూర్చుండనీయలేదు. ఒకనాడు గడియార స్తంభములోని గదిలో బంధించిరి కూడ. ఓటర్లు మరల మరల ఆయననే పంపగా, ఎట్టకేలకు 1886లో స్థానము దొరకినది. 1888లో ఆయన పట్టుదలవలననే చట్టము మారినది. మరుసటి సంవత్సరము బొంబాయిలో జరిగిన కాంగ్రెసు మహాసభకు వచ్చి మనవారి ఆదరమును చూరగొనిన బ్రాడ్లా ఈయనయే.

ఆడంబరము విషయమున నాకు పెద్ద పట్టింపు లేదు. 1983 జనవరి 9న నందమూరి తారక రామారావుగారు రాజభవనమును విడిచి, హైదరాబాదు లాల్ బహదూర్ స్టేడియములో అశేష జనసమక్షమున గవర్నరు అబ్రహాం గారి యెదుట ప్రమాణము చేసినప్పుడు, ఇదేమి నాటకమని పెదవి విరిచిన పెద్దలున్నారు. ప్రజలకు బద్ధుడగువాడు ప్రజల యెదుట బద్ధుడగుటలో తప్పేమో నాకు తెలియరాదు. అట్లే 1923 ఆగస్టులో అమెరికా అధ్యక్షుడు హార్డింగ్ ఆకస్మికముగా మరణింపగా, వెర్మాంట్ కొండపల్లెలో తండ్రి యింట నున్న ఉపాధ్యక్షుడు కూలిడ్జ్ చేత, తెల్లవారుజామున, కిరసనాయిలు దీపపు వెలుగున ప్రమాణము చేయించినవాడు ఆయన కన్నతండ్రియే. నోటరీ యగుటచే ఆయనకు ఆ అధికారము కలదని భావించిరి. 1963 నవంబరు 22న కెనెడీ హత్యానంతరము డల్లాసు విమానాశ్రయమున విమానములోనే లిండన్ జాన్సన్ చేత ప్రమాణము చేయించినది సారా హ్యూస్ అను మహిళా న్యాయమూర్తి. వేదిక లేదు, వాద్యములు లేవు. వినుటకు ఒకరుండిరి, చాలినది.

వేదిక లేకున్నను సాగును గాని మాట తప్పినచో సాగదు. 2009లో ఒబామా ప్రమాణ సమయమున ప్రధాన న్యాయమూర్తి రాబర్ట్స్ ఒక పదమును చోటు మార్చి అందింపగా, లక్షలాది జనము నడుమ జరిగిన ఆ ప్రమాణమును మరునాడు శ్వేతసౌధములోని ఒక గదిలో తిరిగి చేసిరి. మన దేశమున 1989 డిసెంబరులో దేవీలాల్ గారి ప్రమాణము ఇంతకంటె రసవత్తరమైనది. పాఠములో ‘మంత్రి’ అని యుండగా ఆయన ‘ఉపప్రధాని’ యని చదివిరి. రాష్ట్రపతి వెంకటరామన్ గారు ‘మంత్రి’ యని సవరించి అందించిరి. దేవీలాల్ గారు మరల ‘ఉపప్రధాని’ యనియే పలికిరి. వ్యాజ్యము సుప్రీంకోర్టు వరకు పోగా, అది వర్ణనామాత్రమైన విశేషణమే గాని ప్రమాణ సారమునకు భంగము కాదనియు, రాజ్యాంగదృష్టిలో ఆయన తక్కినవారివలె మంత్రియే యనియు న్యాయమూర్తులు తేల్చిరి. కాని 2001లో కేరళ శాసనసభ్యు డొకరు దైవనామమునకు బదులు శ్రీ నారాయణగురువు పేర ప్రమాణము చేయగా, అది చెల్లదని అచ్చటి హైకోర్టు నిర్ణయించినది. పదవికి బిరుదు తగిలించుకొనిన క్షమింతురు, సాక్షిని మార్చిన క్షమింపరు.

చెల్లని ప్రమాణముతో గాని, అసలు ప్రమాణమే చేయక గాని సభలో కూర్చుండిన సభ్యునికి రాజ్యాంగము 104వ అధికరణమున పార్లమెంటు విషయములోను, 193వ అధికరణమున శాసనసభల విషయములోను దినమునకు 500 రూపాయల చొప్పున జరిమానా విధించినది. అది ప్రభుత్వమునకు చెల్లవలసిన బాకీగా వసూలగును. 1950లో అది చిన్న మొత్తము కాదు. నాటినుండి రూపాయి విలువ ఎంత క్షీణించినను, సభ్యుల జీతభత్యములు ఎన్ని పర్యాయములు పెరిగినను, ఆ అంకె మాత్రము చెక్కుచెదరలేదు. దానిని పెంచుడని ప్రతిపాదించుటకు ఏ సభ్యుడైనను తొందరపడునని నేననుకొనను.